నీడగారి ముక్కు

కలెక్టరు చేత్తో దండ పడ్డాక ఏ మనిషీ అనామకుడుగా ఉండటానికి వీల్లేదు. ఇది ఏ చట్టంలో రాసుందో నాకు తెలీదు. నేను ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి. బాగా చదువుకున్నవాళ్ళు మాత్రం ఇది వేదంలో ఉన్నట్టే నడుచుకున్నారు. దాని మూలాన కొన్నాళ్ళపాటు నా ముక్కు నాది కాకుండా పోయింది.

నా పేరు నూకరాజు. పాతరేవులో ప్రదర్శనశాల గేటు పక్కన పూలదండలు కట్టి అమ్ముతాను. ఊళ్ళో ఆఫీసులన్నిటికీ జయంతులకీ వర్ధంతులకీ దండలు నావే. మహనీయులు పెరిగే ఊళ్ళో నాబోటివాడికి పనికి కరువుండదు. నాకు కరువైంది ఊపిరి. ముక్కు లోపల దూలం వంకర. ఒక పక్క పూర్తిగా మూసుకుపోయింది, రెండో పక్క దాని బుద్ధి పుట్టినప్పుడు తెరుచుకుంటుంది. వెల్లకిలా పడుకుంటే ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుంటుంది. గోడకి చేరగిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను. పెద్దాసుపత్రి చుట్టూ తిరగ్గా తిరగ్గా చివరికి ఆపరేషనుకి తారీకు ఇచ్చారు. శ్రావణమాసం పూల గిరాకీ తగ్గాక కాబట్టి అదీ కలిసొచ్చిందని నేనూ, నా భార్య లోవా సంతోషించాం.

సరిగ్గా అప్పుడే కలెక్టరు గారు దండ వేశారు.

మా ప్రదర్శనశాల ఒకప్పుడు తెల్లవాళ్ళ సుంకం బంగళా. ఓడలు రావడం మానేశాయి, తెల్లవాళ్ళు పోయారు, బంగళా మిగిలింది. లోపల తుప్పు కత్తులు, పగిలిన పింగాణీ, గోడ మీద వరసగా మహనీయుల పటాలు. ఆ వరస చివర, తలుపు పక్కన, కోడిగుడ్డు ఆకారం చట్రంలో ఒక నీడబొమ్మ. ఫోటోలు లేని రోజుల్లో మనిషిని దీపం ముందు పక్కకి తిప్పి కూర్చోబెట్టి, గోడ మీద పడిన నీడ అంచు వెంట నల్లకాగితం కత్తిరించి అతికించేవారట. కళ్ళుండవు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీదు. నుదురు, ముక్కు, పెదాలు, గడ్డం, అంతే. ముక్కు మాత్రం మధ్యలో గూని పెట్టుకుని దర్జాగా ఉంటుంది. ఆయన ఎవరో కింద రాసి లేదు. ఎవరూ అడగనూ లేదు.

ఆవేళ మా ఊరి స్వాతంత్ర్య సమరయోధుడొకాయన జయంతి. ఆయన పటానికి అద్దం పగిలితే బాగుకి పంపారు. పంపినవాళ్ళు తెప్పించడం మరిచారు. కలెక్టరు గారు ఫోను చెవికి ఆనించుకునే లోపలికి వచ్చారు, ఆనించుకునే నా పళ్ళెంలోంచి దండ తీశారు, చేతికి అందిన పటానికి వేశారు. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టారు. "ఈ మహనీయుడి ఆశయ సాధనకు మనమంతా పునరంకితం కావాలి" అన్నారు. ఫోటోలు దిగి, కారెక్కి వెళ్ళిపోయారు.

ప్రదర్శనశాల అధికారి కామేశం గారు పక్కనే ఉన్నారు. చూశారు. నోరు తెరిచారు. పైఅధికారి మాట్లాడుతుండగా నోరు తెరవడం మర్యాద కాదని మూశారు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. కలెక్టరు గారు, నా బంతిపూల దండ, నల్లటి నీడ. ఆ సాయంత్రానికే కలెక్టరాఫీసు నుంచి కబురు: సదరు మహనీయుని నామధేయము, జయంతి, వర్ధంతి వివరములు తక్షణమే తెలుపవలెను.

కామేశం గారు గేటు దగ్గరికొచ్చి నా బల్ల మీద కూలబడ్డారు.

"ఎవరో దొర అని రాసెయ్యండి సార్" అన్నాను.

"సమరయోధుడి జయంతి రోజున కలెక్టరు గారు తెల్లదొరకి దండ వేశారనా? నా ఉద్యోగం ఉండాలా వద్దా?"

"పోనీ ఎవరో తెలీదని రాయండి."

"ఎవరో తెలీనివాడికి కలెక్టరు గారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టారని నా చేత్తో రాయనా? నువ్వు పూలు కట్టుకో నూకరాజూ, పాలన నీకు అర్థం కాదు. దండ పడింది గనక ఆయన మహనీయుడు. మహనీయుడు గనక పేరుండి తీరాలి. ఆ పేరు ప్రస్తుతానికి మన దగ్గర లేదు. అంతే."

అలా మహనీయుల ఛాయా నిర్ధారణ సంఘం పుట్టింది. దానికి అధ్యక్షుడుగా, రిటైరై ఇంట్లో ఖాళీగా ఉంటున్న ప్రొఫెసరు భుజంగరావు గారిని శాలువా కప్పి తీసుకొచ్చారు. ఆయన నీడబొమ్మ ముందు భూతద్దం పట్టుకుని చాలాసేపు నిలబడి, తిరిగి మాకేసి చూశారు.

"వంశములు అంతరించవచ్చును గాని నాసికలు అంతరించవు" అన్నారు. "తాత నాసిక తండ్రికి, తండ్రి నాసిక తనయునికి సంక్రమించుచుండును. కావున ఈ మహనీయుని నాసిక ఈ పట్టణమున ఏదో ఒక ముఖమునందు నేటికిని సజీవముగ నున్నది. నాసికను పట్టుకొనిన మహనీయుడు పట్టుబడును."

పిక్‌పాకెట్‌గాణ్ణి గురించి మాట్లాడుతున్నట్టే అనిపించింది నాకు.

మూడో నాటి నుంచి ఊళ్ళో మైకు కట్టిన ఆటో తిరిగింది. "పట్టణ ప్రజలకు విజ్ఞప్తి. మహనీయుని వారసుల గుర్తింపు కొరకు ప్రతి ఒక్కరూ టౌన్‌హాలు నందు తమ తమ ముక్కులతో స్వయముగా హాజరు కావలెను. ఒకరి బదులు ఒకరు వచ్చుట నిషిద్ధము."

టౌన్‌హాల్లో తెల్లదుప్పటి కట్టారు. ఎదురుగా పెద్ద దీపం పెట్టారు. మనిషి మధ్యలో పక్కకి తిరిగి నిలబడితే నీడ దుప్పటి మీద పడుతుంది. దాని మీద నీడబొమ్మ నకలు పెట్టి చూస్తారు. లైను చేపలబజారు దాకా వెళ్ళింది.

"వారసుడని తేలితే ఇల్లు ఇత్తారంట కదొదినా."

"ఇల్లు కాదే, పింఛను."

"ముక్కుకి పింఛనేటే?"

"ఏలిముద్ర ఏత్తే ఇత్తన్నారు. ముక్కు సూపిత్తే ఇవ్వరేటి?"

రైసుమిల్లు ఓనరు ఒకాయన మైదాపిండి ముద్దతో ముక్కు మీద గూని చేయించుకుని వచ్చాడు. దీపం వేడికి అది మెత్తబడి మూతి మీదికి దిగింది. ముక్కు కలవనివాళ్ళందరికీ 'మహనీయునితో సంబంధము లేదు' అని ముద్ర వేసిన చీటీ ఇచ్చారు. రేపు బ్యాంకులో అడుగుతారేమోనని చాలామంది దాన్ని జిరాక్సు తీయించుకున్నారు.

నేను లైనులో నిలబడలేదు. నా ముక్కు సంగతి నాకు తెలుసు, దాన్ని చూపించి సంపాదించేది ఏమీ లేదు. కానీ మహనీయుడికి రోజూ తాజా దండ పడాలని కామేశం గారు చెప్పారు. బొమ్మని కూడా టౌన్‌హాలుకే తెచ్చి దుప్పటి పక్కన పెట్టారు. దండ వెయ్యడానికి వెళ్ళి, దీపానికి అడ్డంగా పక్కకి తిరిగాను.

"కదలకు!" భుజంగరావు గారు కుర్చీలోంచి లేచారు. "ఎక్కడివాడవు అక్కడనే ఉండుము!"

దుప్పటి మీద నా నీడ. దాని మీద నకలు పెట్టారు. నుదురు కలిసింది. గడ్డం కలిసింది. ముక్కు అయితే గూనితో సహా కలిసిపోయింది. పెదాల దగ్గరే తేడా వచ్చింది.

"నోరు మూయుము!"

"మూస్తే ఊపిరాడదండి."

"మహనీయుడు మూసుకొనియే ఉన్నాడు. మూయుము!"

మూశాను. వాళ్ళు తాపీగా కొలతలు తీసుకున్నారు. నాకు కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. లైనులో ఎవరో ఆడమనిషి "సచ్చిపోతాడు, ఒదలండర్రా!" అని అరిస్తే గానీ వదల్లేదు.

అలా నా ముక్కు రక్షిత నాసిక అయింది. కామేశం గారు గేటు దగ్గరికొచ్చి నిబంధనలు చదివి వినిపించారు. ఎండలో పెట్టరాదు. తువ్వాలుతో గట్టిగా తుడవరాదు. మీసం దట్టంగా పెంచి దృశ్యానికి ఆటంకం కలిగించరాదు. తగాదాల్లో పాల్గొనరాదు. ముందస్తు అనుమతి లేకుండా మార్పులు, చేర్పులు, మరమ్మతులు చేయరాదు.

"సార్, నాకు ఆపరేషను ఉందండి. దూలం వంకర. తారీకు కూడా ఇచ్చేశారు."

"విన్నావు కదయ్యా. మరమ్మతులు చేయరాదు. ఇప్పుడది నీ ముక్కు కాదు."

"మరి జలుబు ఎవరిదండి?"

కామేశం గారు కాగితం తిరగేసి చూశారు. "జలుబు నీదే. శాఖకు సంబంధం లేదు."

మర్నాటి నుంచి ఒక గార్డు నా వెనకాల తిరిగాడు. నేను తుమ్మితే పుస్తకంలో రాసుకునేవాడు. బజారులో కుర్రాళ్ళు నన్ను చూసి చెప్పులు విప్పి ప్రదక్షిణం చేసేవారు. "తాకకండ్రా, గవర్నమెంటోళ్ళది!" అని ఒకడు, "లోపలికెల్లడానికి టిక్కెట్టెంత మావా?" అని ఇంకొకడు. నవ్వొచ్చేదే, ఊపిరి ఉంటే.

పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి నాకన్నా ముందే ఉత్తర్వు చేరింది. ముక్కు డాక్టరమ్మ మంచి మనిషి. అది చదివి నమ్మలేక, కామేశం గారికి ఫోను చేసి, నాకూ వినపడేలా బల్ల మీద పెట్టింది.

"లోపల చిన్న ఎముక సరిచేస్తానండీ. బయట గీత కూడా పడదు."

"డాక్టరు గారూ, కోట లోపల గోడ పడగొట్టి, బయట గోడ అలాగే ఉందిగా అంటే మా శాఖ ఒప్పుకుంటుందా?"

"ఇది కోట కాదండీ. ముక్కు."

"ఉత్తర్వు పడ్డాక రెండూ ఒకటేనండి."

"ఆయనకి నిద్రలో ఊపిరి ఆగిపోతోంది. మీకు అర్థమవుతోందా?"

"క్షమించాలి, మా రక్షణలో ఉన్నవాటిల్లో ఏదీ ఊపిరి పీల్చదండి. ఇంతవరకూ ఏ ఇబ్బందీ రాలేదు."

డాక్టరమ్మ ఫోను పెట్టేసి నాకేసి చూసింది. "ఆలస్యం చేస్తే గుండెకి మంచిది కాదయ్యా. ఏదోలా అనుమతి తెచ్చుకో, తెచ్చిన రోజునే చేస్తాను."

అనుమతి కోసం తిరిగాను. సంఘానికి తీరిక లేదు. వాళ్ళకి పెద్ద చిక్కొచ్చి పడింది. ముక్కు దొరికింది గానీ, దాని వెనకాల నేనున్నాను. మా నాన్న దండలు కట్టాడు, వాళ్ళ నాన్నా దండలే కట్టాడు, అంతకుముందు ఎవరేం చేశారో మాకే తెలీదు. "మహనీయుని వంశము పూలబల్ల స్థాయికి చేరుట అసంభవము" అని భుజంగరావు గారు బాధపడ్డారు. కలెక్టరు గారు దండలవాడి తాతకి దండ వేశారని రాయడం, దొరకి వేశారని రాయడం కన్నా ఘోరంగా తోచింది వాళ్ళకి.

అప్పుడు మా ఎమ్మెల్యే వరహాలబాబు గారు కల్పించుకున్నారు. ఆయన ముత్తాత ఆ సుంకం బంగళాలో దుబాసీగా చేశాడట, అంటే తెల్లవాళ్ళకీ మనవాళ్ళకీ మధ్య మాటలు మార్చేవాడు. ఆ బొమ్మ ఆయనదే అయి ఉంటుందని వరహాలబాబు గారికి ఒక ఉదయం తోచింది. అడ్డల్లా ఒక్కటే. బాబు గారి ముక్కు మంచి ముక్కే గానీ, మైసూరుబజ్జీలా గుండ్రం.

సంఘం తలుపులు వేసుకుని ఆలోచించి, తీర్పు చెప్పింది. భుజంగరావు గారు చదివారు: "వంశము శాసనసభ్యులవారిది. నాసిక మాత్రము నూకరాజు అను వ్యక్తియందు భద్రపరచబడి యున్నది. రెంటినీ జోడించి చూడగా నిరూపణము సంపూర్ణము."

బ్యాంకు లాకరులో నగ పెట్టుకున్నట్టన్నమాట. లాకరుకి ఊపిరాడుతోందా అని ఎవరడుగుతారు?

ఇంటికొచ్చి లోవకి చెప్పాను. బంతిపూలు గుచ్చుతున్నదల్లా సూది ఆపింది.

"ఆళ్ళ ముత్తాత ముక్కంటన్నారా అది?"

"సంఘం అలాగే రాసింది."

"మరి ఆళ్ళ ముత్తాత ముక్కు మనింట్లోకెలాగొచ్చింది మావా? ముక్కు దానంతటది నడిసిరాదు కదా."

లోవ నాకేసి చూసి, నవ్వడం మొదలెట్టి, కళ్ళ నీళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. అంత చదువుకున్న సంఘంలో ఒక్కడికీ తట్టని ముక్క.

"ఇంక పర్మిషను అడక్కు మావా" అంది. "సుట్టరికం అడుగు."

బొమ్మకి పేరు పెట్టే సభ టౌన్‌హాల్లోనే పెట్టారు. వేదిక మీద ఒక పక్క దండలతో నీడబొమ్మ, ఇంకో పక్క దుప్పటీ దీపమూ. మధ్యలో ఎత్తుపీట మీద నన్ను పక్కకి తిప్పి కూర్చోబెట్టి, చుట్టూ తాడు కట్టారు. "నువ్వు చూపించడానికే. మాట్లాడ్డానికి కాదు" అని కామేశం గారు చెవిలో చెప్పారు. ముందు వరసలో వరహాలబాబు గారి అమ్మగారు, భార్య, తమ్ముడు, మేనత్తలు, అందరూ పట్టుబట్టలతో కూర్చున్నారు.

బాబు గారు ముత్తాత గొప్పతనం గురించి మాట్లాడారు. ఆ ముత్తాత పేరు ఆయనకి చీటీలో చూస్తే గానీ గుర్తు రాలేదు. తర్వాత ఫోటో కోసం మైకు చేత్తో పట్టుకునే నా పక్కకి వచ్చారు. నేను పీట దిగి, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను.

"దండాలు అన్నయ్యా."

మాట మైకులో పడింది.

"ఎవరికయ్యా అన్నయ్య?"

"తమరికేనండి. మన ముత్తాతగారి ముక్కు నా దగ్గరుందని సంఘంవారే రాసిచ్చారు కదండి. ఇన్నాళ్ళూ తెలీక పలకరించలేదు. మీరు మన్నించాలి."

వెనక వరసల్లోంచి ఒక గొంతు లేచింది. "నిజవే కదర్రా! ముక్కున్నాక నెత్తురుండదేటి?"

"అయితే బాబు గారి రొయ్యల సెరువుల్లో ఈడికీ వాటా ఉంటాదా?"

"ఉండదా మరి! ఎమ్మెల్యే గారికాడ కాయితమే ఉంది, ఈడికాడ ముక్కుంది."

ముందు వరసలో ఎమ్మెల్యే గారి భార్య తిరిగి అత్తగారికేసి చూసింది. అత్తగారు ఆడపడుచుకేసి చూసింది. తమ్ముడు లేచి, ఎవరికో ఫోను చెయ్యడానికి బయటికి పోయాడు. లాయరుకేనని అందరూ అనుకున్నారు.

వరహాలబాబు గారు నా మోచెయ్యి పట్టుకుని వేదిక వెనక్కి లాక్కుపోయారు. కామేశం గారూ, భుజంగరావు గారూ వెనకాలే పరిగెత్తుకొచ్చారు.

"ఏం కావాలిరా నీకు?"

"ఊపిరి కావాలండి."

"ఊపిరంటే? ఎన్నెకరాలు?"

"ఎకరాలు కాదండి. ముక్కు లోపల దూలం వంకర. ఆపరేషను చేయించుకోనివ్వడం లేదు. ఊపిరాడటం లేదండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఇంత తక్కువ అడిగేవాణ్ణి ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. తర్వాత కామేశం గారి మీదికి తిరిగారు.

"ఎవరాపింది?"

"రక్షిత నాసిక కదండీ, తాకాలంటే..."

"దాన్ని రక్షితం చేసిందెవరు?"

"సంఘమండీ."

"ఇప్పుడు సంఘం ఏమంటోంది?"

భుజంగరావు గారు శాలువా సర్దుకున్నారు. "పునఃపరిశీలనలో దీపము కొంచెము వంకరగా నుంచబడినట్లు తేలినది" అన్నారు. "నాసిక కలియలేదు. ఎన్నడునూ కలియలేదు."

"ఈ గూని ముక్కు మళ్ళీ ఊళ్ళో ఎవరి కంటా పడకూడదు" అని చెప్పి బాబు గారు మైకు దగ్గరికి వెళ్ళిపోయారు.

అనుమతికి ఇంక అడ్డేమీ లేకపోయింది. కామేశం గారే నన్ను ఆఫీసు జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళి, త్వరగా చెయ్యండని డాక్టరమ్మని బతిమాలారు. ఆవిడ నన్ను లోపలికి పిలిచి తలుపు వేసింది.

"బయట గూని కూడా తీసెయ్యమని పైనుంచి చెబుతున్నారు. ముక్కు నీది. నీకిష్టం లేకపోతే చెయ్యను."

ముక్కు నాదని ఒకరు అనగా విని చాలా రోజులైంది.

"అది ఊపిరికి అడ్డమా అమ్మా?"

"కాదు."

గూనిని ఒకసారి వేలితో తడిమి చూసుకున్నాను. "తీసెయ్యండమ్మా. రేపు మళ్ళీ ఎవరో ఇంకెవరికో దండ వేస్తారు. ఇలాంటి ముక్కు ఊళ్ళో ఉండటం క్షేమం కాదు."

కట్లు విప్పిన మధ్యాహ్నం వార్డులో వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. గురక వినపడకపోయేసరికి పోయాననుకుని లోవ గుండెలు బాదుకుంటూ నర్సుల్ని పోగేసింది. లేచి చూస్తే మంచం చుట్టూ జనం. మళ్ళీ ఏదైనా సంఘమేమోనని ముక్కు మీద చెయ్యి పెట్టుకున్నాను.

నీడబొమ్మ కింద ఇప్పుడు ఎమ్మెల్యే గారి ముత్తాత పేరుతో ఇత్తడిరేకు మెరుస్తోంది. కలెక్టరు గారు దండ వేసిన రోజే ఆయన జయంతిగా స్థిరపరిచారు. వర్ధంతి, ప్రస్తుత కలెక్టరు గారికి వీలున్న రోజున. ఆ బొమ్మలో మనిషి నిజంగా ఎవరో ఎవరికీ తెలీదు. నామటుకు నాకు, పనిలేని ఏ దొరో దీపం తెప్పించుకుని, నోరు మూసుకుని కూర్చోమని చెప్పిన ఎవడో పనివాడై ఉంటాడనిపిస్తుంది.

నేను మళ్ళీ గేటు పక్కనే దండలు కడుతున్నాను. మల్లెపూలకి వాసన ఉంటుందని ఇన్నేళ్ళకి మళ్ళీ తెలిసింది. మరువం, చేమంతి, దవనం, సాయంత్రం పూట సముద్రం, అన్నీ తెలుస్తున్నాయి. ఊపిరికి ఏ లోటూ లేదు. ప్రదర్శనశాల తలుపులు తెరిచినప్పుడు లోపలి గాలి ఒక్కసారిగా బయటికొస్తుంది చూడండి, అప్పుడు మాత్రం పాత ముక్కే నయమనిపిస్తుంది.